ఏ సీసా వైపు

మే 19

ఎండ. వంతెన మీద బస్సు కాసేపు ఆగితే చాలు, కిటికీ కమ్మీ ముట్టుకోనివ్వడం లేదు.

కాలేజీ యానిమల్ హౌస్‌లో చిట్టెలుకలు కుదురుకున్నాయి. నల్లవి ఒక వరస, గోధుమరంగువి ఒక వరస. ఒక్కో పంజరంలో ఒక్కటే. ప్రతి పంజరానికీ రెండు సీసాలు. ఒకదాంట్లో మంచినీళ్లు, రెండోదాంట్లో కొంచెం ఆల్కహాల్ కలిపిన నీళ్లు. ఏది తాగాలో వాటి ఇష్టం. నా పని రోజూ సీసాలు తూచడం, కుడిపక్కది ఎడమకి మార్చడం. మార్చకపోతే రుచిని బట్టి కాదు, అలవాటైన పక్కకే పోతాయి.

ఇంకా వాటిని ఏ కష్టమూ పెట్టలేదు. అయినా తేడా తెలిసిపోతోంది. గోధుమరంగువి ఆ సీసా దగ్గరికి వెళ్లి వాసన చూసి మూతి తిప్పేసుకుంటున్నాయి. నల్లవి పోతున్నాయి. నేర్పినవాళ్లు లేరు, చూసి నేర్చుకున్నదీ లేదు. పుట్టుక.

మేడం — "ఇది అందరికీ తెలిసిందే సుధా. కష్టం పెడితే ఏది ఎంత మారుతుందీ, అదీ మనక్కావాల్సింది. అదే నీ థీసిస్."

ఇంటికొచ్చేసరికి రవి అప్పుడే కొట్టు మూసి వచ్చాడు. పక్కనుంచి వెళ్తే గుప్పున ఏలకుల వాసన.

నాన్న లవంగం నమిలేవారు.

మే 20

ఇవాళ కూడా ఏలకులు.

మే 22

అతిగా ఆలోచిస్తున్నాను. రోజంతా సీసాలు తూచేదానికి ఇంట్లో కూడా సీసాలే కనిపిస్తాయి. తమ్ముడికి నోరు చేదుగా ఉండి ఏలకులు నమిలాడు... అంతే అయి ఉండొచ్చు. స్టీలు సామాన్ల కొట్టులో దుమ్ము. ఎండ. బేరాలు లేవు. మెయిన్ రోడ్డు మీద కొత్త షోరూమ్ తెరిచినప్పటి నుంచి వాడు సరిగ్గా అన్నం తినడం లేదు.

కానీ కళ్లు. ఆ కళ్లు నాకు తెలుసు.

మే 24

రవికి సంబంధం. నిడదవోలు. వాళ్లదీ వ్యాపారమే, బట్టల కొట్టు. అమ్మాయి కీర్తన, స్కూల్లో లెక్కలు చెప్తుంది. అమ్మ ఆనందం చూడాలి. నాన్న పోయాక ఈ ఇంట్లో అమ్మ గొంతు ఇంత పెద్దగా వినడం ఇదే.

నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి — "మీ నాన్న సంగతి అడిగితే షుగరని చెప్పు. అంతే. ఇంకేం వద్దు."

షుగర్. ఊరందరికీ అదే చెప్పాం. పసుపుపచ్చగా మారిన కళ్లతో, ఉబ్బిన పొట్టతో నాన్న రాజమండ్రి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్లకి కూడా అదే చెప్పాం. చెప్పీ చెప్పీ అమ్మ నమ్మేసింది. రవి నమ్మాడో లేదో ఎప్పుడూ అడగలేదు.

మే 27

పెళ్లిచూపులు అయ్యాయి.

పిల్ల తండ్రి నెమ్మదస్తుడు. కాఫీ గ్లాసు అందుకుంటూ — "అబ్బాయికి అలవాట్లేమీ లేవు కదండీ? ఏమనుకోకండి, ఆడపిల్ల తండ్రిని..."

అమ్మ — "అయ్యయ్యో! మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టుకోమండీ."

అందరూ నవ్వారు. రవి నేలచూపులు.

కీర్తన నన్ను మేడ మీదికి తీసుకెళ్లింది. మనిషి చనువైనది. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పాను. "చిట్టెలుకలకి మందు పోస్తారా!" పడీ పడీ నవ్వింది. తర్వాత సీరియస్‌గా — "అవెందుకు తాగుతాయండీ?"

కొన్ని వంశాలు పుట్టుకతోనే అటు మొగ్గుతాయి, కొన్ని ముట్టవు, కష్టం పెట్టినప్పుడు ఏది ఎలా మారుతుందో అదే చూస్తున్నాం అని చెప్పాను.

"అంటే మనుషుల్లో కూడా ఇంటి వరసేనా?"

మనుషులు ఎలుకలు కాదు కదా అన్నాను. వెంటనే అన్నాను. ముందే సిద్ధం చేసి పెట్టుకున్నట్టు వచ్చింది మాట.

కింద ఒక ఫ్యాను, పదిమంది మాటలు. రవి చొక్కా వీపు మొత్తం తడిసిపోయింది.

మే 28

వాళ్లకి నచ్చాడట. ఆషాఢం రాకముందే తాంబూలాలు పుచ్చుకుందాం అంటున్నారు.

మే 30

కష్టం పెట్టడం మొదలైంది. గాలికోసం చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టం. చిట్టెలుక అందులోకి దూరితే వెనక్కి తిరగలేదు. నొప్పి ఉండదు, దెబ్బ ఉండదు. కదలలేదు, అంతే. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న కాసేపే. ఆ కాసేపూ గొట్టం గోడకి ఆనుకున్న ఆ చిన్న ముక్కు, మీసాలు... చూడలేక గోడ గడియారం చూస్తూ కూర్చున్నా.

బయటికి తీసి పంజరంలో వదిలితే ముందు మూలకి పోతుంది. ఒళ్లు నాక్కుంటుంది. తర్వాత సీసాల వైపు.

ఏ సీసా వైపు — ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు అదే చూస్తున్నా.

జూన్ 2

మధ్యాహ్నం కాలేజీ నుంచి త్వరగా వచ్చేశా. కొట్టు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్లా. రవి గోనెసంచుల మీద పడుకుని ఉన్నాడు. నిద్ర కాదు. కుక్కర్ల అట్టపెట్టెలు పేర్చి ఉన్నచోట ఒకదాని మూత తెరిచి ఉంది. అందులో కుక్కర్ లేదు.

నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

"రోజూ కాదక్కా. నిద్ర కోసం. నిజం. పొద్దున్నే షట్టరు ఎత్తాలంటే భయమేస్తోంది. ఇవాళ ఒక్కడైనా వస్తాడా అని. ఎదురుచూస్తా. ఎదురుచూస్తా. మధ్యాహ్నానికి గుండె ఇక్కడికొచ్చేస్తుంది." గొంతు దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు.

నాన్న పోయేనాటికి వీడు డిగ్రీ కూడా పూర్తి చేయలేదు. చదువు నాకు, కొట్టు వాడికి. ఎవరం అడగలేదు వాణ్ణి. పంచినట్టు కూడా లేదు, అలా జరిగిపోయింది.

"ఎప్పట్నుంచి?"

"సంక్రాంతి ముందు నుంచి."

"అమ్మకి?"

"చెప్పకక్కా. ప్లీజ్."

సీసా పంపు దగ్గర పారబోశాను. వాడు అడ్డం రాలేదు. షట్టరు పూర్తిగా ఎత్తి వచ్చేశాను. ఇంకేం చేయాలో తెలియక.

జూన్ 3

అమ్మకి చెప్పలేదు. అన్నం సహించలేదు. గొట్టాలు కడుగుతూ రెండుసార్లు కింద పడేశా.

జూన్ 6

లెక్కలన్నీ కంప్యూటర్‌లో పెట్టి మేడంకి చూపించా. గోధుమరంగువి గొట్టంలో పెట్టినా, పెట్టకపోయినా ఒకటే. ఆ సీసా ముట్టవు. నల్లవి గొట్టంలోంచి వచ్చాక ఇంకా ఎక్కువ తాగుతున్నాయి. అనుకున్నదే.

కానీ నల్లవాటిలో ఒకటి ఉంది. గుర్తు కోసం ఎడమ చెవికి గాటు పెట్టినది. అది తాగడం లేదు. మంచినీళ్లే. సీసా మూతి మూసుకుపోయిందేమో అని మార్చా. పక్కలు మార్చా. బరువు చూశా, ఆరోగ్యంగానే ఉంది. మిగిలినవాటికీ దానికీ రక్తంలో తేడా లేదు. తరతరాలుగా లోపల్లోపలే జత కలుపుతూ పెంచిన వంశం, అన్నీ కవలపిల్లల కింద లెక్క. అదే మేత, అదే గది, అదే గొట్టం. అయినా తాగదు.

మేడం — "ఒకటేగా. తీసేస్తే గ్రాఫ్ శుభ్రంగా వస్తుంది."

"తీయడానికి కారణం కావాలి కదండీ మేడం. జబ్బేమీ లేదు దానికి."

మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, ఉంచు. నీ ఇష్టం." కోపం కాదు. విసుగు.

దానికీ గదిలో మిగిలినవాటికీ తేడా ఏమిటి? బస్సులో కూడా అదే ఆలోచన. రవికీ నాకూ ఒకటే నాన్న. నేను ముట్టలేదు. నేనా ఆ ఎడమ చెవి గాటుది? లేక ఇంకా గొట్టంలో పెట్టని దాన్నా?

జూన్ 7

సీసాలు నింపుతుంటే వేలికి అంటింది. అందరూ టీకి వెళ్లారు. నాలుకకి తాకించా. ఎందుకో తెలియదు. ఒక్క చుక్క.

చేదుగా ఉంటుందనుకున్నా. అంత చేదుగా లేదు. అదే భయం.

నాలుగుసార్లు నోరు పుక్కిలించా. చదువయ్యేదాకా పెళ్లి వద్దన్నానని అందరికీ చెబుతాను. ఈ పేజీకి అబద్ధం ఎందుకు — నా కడుపున పుట్టేది ఏ రంగుదో అని భయం.

జూన్ 9

కీర్తన ఫోన్. నేరుగా నాకే.

"అక్కా, అనొచ్చు కదా మిమ్మల్ని? ఒక మాట. మీ కొవ్వూరులో మావాళ్లకి తెలిసినవాళ్లెవరో నాన్నకి ఏదో అన్నారంట. నాన్న పట్టించుకోలేదు. కానీ నేను అడుగుతున్నా. మీ నాన్నగారు ఎలా పోయారు? ఆయన... అంటే రవి గారు... తాగుతారా?"

ఇంట్లోవాళ్ల మాటలేవీ లేవు ఆమె వెనక. ఎక్కడో ఒంటరిగా నిలబడి మాట్లాడుతోంది.

"రెండు రోజులు టైం ఇవ్వమ్మా" అన్నా.

"అంటే ఉన్నట్టే కదక్కా" అని పెట్టేసింది.

జూన్ 10

అమ్మతో గొడవ. ఫోన్ వచ్చిందని చెప్పాను, రవి సంగతి కూడా చెప్పేశాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆగలేదు.

"నాకు తెలుసు."

తెలుసట!

"తెలిసి ఆ ఇంటికెళ్లి గుడ్డు కూడా ముట్టమని ఎలా చెప్పావమ్మా?"

"పెళ్లయితే దార్లో పడతాడు."

"నీకూ అలాగే చెప్పారు కదా."

ఈసారి చెయ్యి ఆగింది. "ఒక్కగానొక్క తమ్ముడు. వాడి పెళ్లి నీ చేత్తో చెడగొడతావా సుధా?"

"నీ పెళ్లికి ముందు ఎవరైనా చెప్పుంటే ఏం చేసేదానివి?"

చేతిలో కాయ పళ్లెంలో పడేసి — "చేసుకునేదాన్ని కాదు. అప్పుడు నువ్వూ ఉండవు. వాడూ ఉండడు. మీరిద్దరూ లేకుండా ఉండటం మంచిదని ఏ నోటితో చెప్పమంటావే నన్ను?"

పళ్లెంలో మిగిలిన కాయలు నేను తీశా.

జూన్ 11

సాయంత్రం రవిని గోదారి గట్టుకి తీసుకెళ్లా. రేవు మెట్ల మీద కూర్చున్నాం. నీళ్లు బాగా లోపలికి వెళ్లిపోయాయి, ఇసుక తేలింది. ఎదురుగా రాజమండ్రి వైపు దీపాలు వెలుగుతున్నాయి.

"కీర్తన ఫోన్ చేసింది. నాన్న సంగతి నేను చెప్తా. నీ సంగతి నువ్వు చెప్పు."

"చెప్తే చేసుకుంటుందా?"

"చేసుకోకపోవచ్చు."

"మరి?"

"అయినా చెప్పాలి."

గులకరాయి విసిరాడు. అది నీళ్లదాకా పోలేదు. "నువ్వే కదక్కా చెప్తావు, పుట్టుకతో ఉంటుందని. నాన్నది నాకొచ్చింది. పైన కొట్టు. నేనేం చేసేది? నీ నల్ల ఎలుకలాగే నేనూ."

చెంప పగలగొట్టాలనిపించింది. నా చదువు తీసుకెళ్లి వాడికి సాకుగా ఇచ్చింది నేనే. భోజనాల దగ్గర గొప్పగా చెప్పేదాన్ని కదా, మా నల్లవి ఇలా, మా గోధుమవి అలా అని.

"నల్లవాటిలో ఒకటి తాగదు" అన్నా.

"ఎందుకు?"

"తెలియదు."

"తెలియదా?" వాడు నవ్వేశాడు. "ఇన్నేళ్లు చదివి?"

నేనూ నవ్వాను. ఎన్నాళ్లకో ఇద్దరం కలిసి నవ్వడం. కాసేపయ్యాక వాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని — "నాన్నలాగే పోతానా అక్కా?"

పోవురా అనాలి. ఏ అక్కయినా అంటుంది. నేను — "ఇప్పుడు ఆపితే చాలా తేడా ఉంటుంది" అన్నా. డాక్టర్ల భాష. వాడి వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నా.

జూన్ 12

కీర్తనకి చెప్పాను. "మా నాన్నగారు షుగర్‌తో పోలేదు. లివర్. తాగేవారు. దాచాం. ఇది చెప్పే హక్కు నాకుంది. రెండో ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేను కాదు."

"సరే అక్కా" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

జూన్ 13

ఘోరమైన రోజు. కాలేజీలో కరెంటు పోయింది, జనరేటర్ పట్టుకోలేదు. యానిమల్ హౌస్‌లో ఏసీలు ఆగిపోయాయి. చిట్టెలుకలు పంజరం అడుగున చతికిలబడి రొప్పుతున్నాయి. తడిగుడ్డలు, ఐసు గడ్డలు, బల్ల ఫ్యాన్లకి ఇన్వర్టర్ లైను. మేడం కొంగు బిగించి బకెట్లు మోశారు. కరెంటు వచ్చేసరికి అందరం చెమటలో మునిగాం. చచ్చినవి లేవు. అదృష్టం.

జూన్ 15

ఎడమ చెవి గాటుది తాగింది.

జూన్ 16

ఇవాళ కూడా. సీసా కారుతోందేమో అని ఖాళీ పంజరానికి బిగించి చూశా. కారడం లేదు. పక్కలు మార్చినా వెతుక్కుని అటే వెళ్తోంది. గొట్టానికి లొంగనిది ఆ ఒక్క రోజు ఉక్కకి లొంగిందా? ఎండే కారణమో, ఇంకేమైనానో — ఒక్క జంతువుని చూసి ఏమీ చెప్పలేం. నాకు తెలుసు. నేనే పిల్లలకి క్లాసులో చెప్తాను.

మేడం — "చూశావా? ఇక తీసే పనే లేదు."

మరుగుదొడ్డిలోకి వెళ్లి ఏడ్చాను. ఎలుక కోసం! ఎవరైనా చూస్తే నవ్వుతారు. రవికి దాని సంగతి చెప్పాను కదా, దాన్ని పట్టుకుని వేలాడుతున్నది వాడు కాదు, నేను.

జూన్ 17

రవి కొట్టులో లేడు. ఫోన్ తీయడు. అమ్మ దేవుడి గది, గుమ్మం, దేవుడి గది, గుమ్మం... నాకు గోదారి రేవు తప్ప ఇంకేమీ కళ్ల ముందుకు రావడం లేదు.

సాయంత్రానికి వచ్చాడు. నిడదవోలు వెళ్లాడట, పాసింజర్‌లో. కీర్తన స్కూలు బయట వేపచెట్టు కింద నిలబడి, ఆమె వచ్చేదాకా ఉండి, మొత్తం చెప్పాడట.

"ఏమంది?"

"ఏమీ అనలేదు. టీ ఇప్పించింది. బండి టైమవుతోంది వెళ్లండి అంది."

వాసన లేదు వాడి దగ్గర. చెయ్యి మాత్రం నీళ్ల గ్లాసుని పట్టుకోలేకపోతోంది. అమ్మ గ్లాసు అందుకుని తనే తాగించింది.

జూన్ 18

కీర్తన ఫోన్. "మా ఇంట్లో చెప్పలేదక్కా. ఆషాఢం వెళ్లేదాకా ఆలోచించుకుంటానని చెప్పా. నాన్న ఏదో అనుకుంటున్నారు, అనుకోనీ. రవి గారికి చెప్పండి, నా కోసం మానొద్దని. నేను ఏ మాటా ఇవ్వలేదు."

"చెప్తానమ్మా."

"నాకు కోపంగా ఉందక్కా. ఆయన మీద కాదు. మేడ మీద మీరు చెప్పొచ్చు కదా."

చెప్పొచ్చు.

జూన్ 20

వంతెన దాటి రాజమండ్రిలో తాగుడు మాన్పించే డాక్టర్ దగ్గరికి, నేనూ వాడూ. వరండా నిండా జనం. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. మాకు తెలిసిన ఒక షావుకారు కూడా ఉన్నాడు. ఆయన పేపరు ఎత్తి పట్టుకున్నాడు. నేను ఫోన్ చూసుకున్నా.

డాక్టర్ పెద్దాయన. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

రవి — "మా నాన్నగారండి. లివర్‌తో పోయారు."

మొదటిసారి ఆ మాట వాడి నోటి నుంచి.

ఉన్నపళంగా మీకు మీరే మానేయకూడదు, ఫిట్స్ వస్తాయి, మాత్రలు ఇస్తాను, దగ్గర ఎవరో ఒకరు ఉండాలి అన్నారు. రవి పుట్టుక సంగతి అడిగాడు. ఆయన — "అదీ ఉంటుందయ్యా. అది కాస్త జారుడు నేల. జారుడు నేల మీద అందరూ పడిపోరు కదా. చూసుకుని నడుస్తారు."

తర్వాత నా వైపు తిరిగి — "మీకూ?"

"లేదండి."

"ఎప్పుడూ?"

"...లేదండి."

ఒక చుక్కని లెక్క పెట్టలేదు.

జూన్ 23

వాడికి నరకం. చెమటలు, వాంతులు, నిద్ర లేదు. గోడ మీద ఏదో పాకుతోందంటాడు. డాక్టర్‌కి ఫోన్ చేస్తే మాత్ర పెంచమన్నారు. అమ్మ పప్పన్నం మెత్తగా కలిపి ముద్దలు పెడుతోంది, చిన్నప్పటిలా. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి — "ఏమైందండీ అబ్బాయికి?"

అమ్మ నోరు తెరిచింది. వైరల్ జ్వరం అంటుందనుకున్నా.

"ఒంట్లో బాగాలేదండి" అంది. ఆగింది. "వాళ్ల నాన్నకున్నదే."

ఆవిడ — "షుగరా? ఇంత చిన్నవయసులోనా!"

అమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. లోపలికి వచ్చి కొంగు నోట్లో కుక్కుకుంది.

జూన్ 26

ఆషాఢం వచ్చేసింది. తాంబూలాలు లేవు.

జూలై 4

రవి కొట్టు తెరిచాడు. మధ్యాహ్నం అన్నం క్యారేజీ నేనో అమ్మో తీసుకెళ్తున్నాం. కాపలా అని వాడికీ తెలుసు. "పెట్టెలన్నీ మూతలు తీసి చూసుకోండి" అన్నాడు ఇవాళ. కోపంగానే. అమ్మ నిజంగానే నాలుగు తీసి చూసింది. ఒకావిడ స్టీలు బిందె కోసం వచ్చి అది చూసి, అన్నింట్లో నాణ్యమైనది వెతుకుతున్నారేమో అనుకుని, బిందెతో పాటు కుక్కర్ కూడా కొంది.

ఇంటికొచ్చి చెప్తూ అమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

జూలై 9

వర్షాలు. గోదారి ఎర్రబడింది. 

థీసిస్‌లో ఎడమ చెవి గాటుదాని గురించి ఒక పేరా రాశా. ముందు తాగకపోవడం, ఉక్క రోజు, ఆ తర్వాత. కారణం తెలియదు అని రాశా. మేడం ఎర్రసిరాతో సున్నా చుట్టి — "తెలియదు అని థీసిస్‌లో రాస్తారా?"

"తెలియదు కదండీ."

కొట్టేయలేదు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు.

జూలై 14

రవి గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపలికి రమ్మంటే రాడు. అమ్మ గుడికి వెళ్లింది.

"నిన్న తాగానక్కా. ఒక్కసారే. షోరూమ్‌వాడు మన వీధిలో కరపత్రాలు పంచాడు. మన కొట్టు గుమ్మంలో కూడా పడేసి పోయాడు. తెలిసి పోయానక్కా. కాళ్లు వాటంతటవే పోలేదు. తెలిసే పోయా."

డాక్టర్‌కి ఫోన్ చేశాం. ఆయన తిట్టలేదు. పడ్డారు, లేచారు, రేపు రండి అన్నారు. వెళ్లొచ్చాం. అమ్మకి చెప్పలేదు. మళ్లీ దాచడం మొదలు — ఈసారి ఇద్దరం.

వాడు వచ్చి చెప్పాడు. నాన్న ఒక్కసారైనా ఎవరికైనా వచ్చి చెప్పారా? దీన్ని పట్టుకోవాలా, వద్దా? ఒక్కదాన్ని చూసి ఏమీ చెప్పలేమని తెలుసు.

జూలై 17

ప్రయోగం ముగిసింది. రేపటి నుంచి ఎలుకల మెదళ్లు తీసి చూసే పని. మత్తు ఇచ్చాక వాటికేమీ తెలియదు. ఈ పని ఇంకెవరికైనా ఇమ్మని మేడంని అడిగా. కాసేపు నన్ను చూసి, "వద్దులే, నేను చేస్తా" అన్నారు. అనుకోలేదు.

జూలై 21

కీర్తన వచ్చింది. ఆషాఢం వెళ్లకముందే, కబురైనా లేకుండా. స్కూలుకి సెలవు పెట్టిందట. నేరుగా కొట్టుకి.

క్యారేజీ పట్టుకుని వెళ్లిన అమ్మా నేనూ రోడ్డు ఇవతలే ఆగిపోయాం. లోపల ఇద్దరూ ఎదురెదురుగా స్టూళ్ల మీద. ఆమె ఏదో అడుగుతోంది. వాడు తల దించుకుని వింటున్నాడు.

మొన్నటిది చెప్తాడా? చెప్తే పోతుంది. చెప్పకపోతే... ఇంకా పోతుంది. నేను చెప్పకూడదు. ఈసారి నేను అసలు నోరు తెరవకూడదు. గోరు కొరుక్కుంటూ నిలబడ్డా. వాడు తల ఎత్తాడు. పెదాలు కదిలాయి. ఎరువుల లారీ ఒకటి వచ్చి మధ్యలో ఆగింది.

లారీ కదిలేసరికి నా బస్సు. మేడం పిలిచారు, వెళ్లక తప్పదు. ఎక్కేశా. వంతెన మొత్తం ఊపిరి బిగబట్టే ఉన్నా.

ల్యాబ్‌లో కూర్చుని ఇది రాస్తుండగా అమ్మ ఫోన్.

"వెళ్లిపోయిందే."

"ఏమంది?"

"నాతో ఏమీ అనలేదు. వెళ్తూ వెళ్తూ కాళ్లకి దణ్ణం పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సుధా... అది మళ్లీ వస్తానని పెట్టినట్టా, ఇక రానని పెట్టినట్టా?"

"వాడేమంటున్నాడు?"

"ఏమీ అనట్లేదు. అన్నం తింటున్నాడు. మారు అడిగి పెట్టించుకున్నాడు."

"వాడికి ఫోనివ్వు."

"తింటున్నాడే. తిననీ."

అమ్మ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. అటువైపు కంచంలో చెయ్యి కదులుతున్న చప్పుడు.